నల్లమలకు వెళ్తున్నారా? గేటు దాటకముందే చూసుకోవాల్సినవి, దాటాక పాటించాల్సినవి

హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఫోన్ సిగ్నల్‌ని నమ్ముకోవడానికి లేదు. ఊళ్ల దగ్గర కాసేపు వస్తుంది, మలుపు తిరగ్గానే పోతుంది. దోర్నాల వైపు నుంచి ఎక్కేవాళ్లకూ ఇదే పరిస్థితి. వాన హెచ్చరిక అయినా, డ్యామ్ గేట్ల సమాచారమైనా, సఫారీ రద్దయిందన్న కబురైనా మన్ననూరుకో దోర్నాలకో ఇవతలే తెలుసుకోవాలి. లోపలికి వెళ్లాక తెలిసే మార్గం తక్కువ, తెలిసినా వెనక్కి తిరగడానికి వేళ మించిపోయి ఉంటుంది.

ఇంకో సంగతి ముందే గుర్తుపెట్టుకోండి. నల్లమల చూపుకి ఒకే అడవి, పాలనలో మాత్రం రెండు. కృష్ణకు ఉత్తరాన తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యం, దక్షిణాన ఆంధ్రప్రదేశ్‌లో నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చినప్పుడు రెండూ ఒకటే, 2014 విభజన తర్వాత వేరయ్యాయి. అమ్రాబాద్ ఒక్కటే 2,611 చదరపు కిలోమీటర్లు. రెండు వైపులా ఉత్తర్వులు వేర్వేరుగా వస్తాయి. తెలంగాణ వైపు ఫరహాబాద్‌లో సఫారీ నడుస్తోందని ఆంధ్ర వైపు తుమ్మలబయలులో కూడా నడుస్తుందనుకోకూడదు. ఎటు వెళ్తున్నారో ఆ వైపు అటవీ శాఖనే అడగాలి.

హెచ్చరిక ఎవరు ఇస్తారు

అడవి గురించి ఒకే చోట అన్నీ చెప్పే బోర్డు లేదు. నాలుగు శాఖలు నాలుగు రకాల హెచ్చరికలిస్తాయి. ఎవరిది ఏమిటో తెలిస్తే దేనికి ఆగాలో, దేనికి జాగ్రత్తపడితే చాలో తెలుస్తుంది.

మొదటిది అటవీ శాఖ. సఫారీ మూసివేత, కాలిదారుల మూసివేత, పులి లేదా ఎలుగు తిరుగుతోందన్న సమాచారం, నిప్పు రేగిన చోట్లు ఇక్కడి నుంచే వస్తాయి. అన్నిటికన్నా తాజా సమాచారం చెక్‌పోస్టులో ఉన్న సిబ్బంది దగ్గరే ఉంటుంది, ఎందుకంటే లోపల బేస్ క్యాంపుల నుంచి వాళ్లకి కబురు అందుతూ ఉంటుంది. రుసుము కట్టి రసీదు తీసుకునేటప్పుడు మూడు ప్రశ్నలు అడగండి: ఈ రోజు ఏ దారి మూసి ఉంది? జంతువు ఏదైనా రోడ్డు దగ్గర కనిపించిందా? అత్యవసరమైతే ఏ నంబరుకు చెయ్యాలి? ఆ రేంజి కార్యాలయం నంబరు కాగితం మీద రాసుకోండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోన్‌లో సేవ్ చేసిన నంబరు పనికిరాదు.

రెండోది వాతావరణ శాఖ. పసుపు రంగు అంటే గమనిస్తూ ఉండమని, నారింజ అంటే సిద్ధంగా ఉండమని, ఎరుపు అంటే వెంటనే చర్య తీసుకోమని. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ. మీ ఊరి జిల్లా కాదు, నాగర్‌కర్నూల్, నంద్యాల జిల్లాల రంగు, మార్కాపురం-దోర్నాల ప్రాంతం రంగు చూడాలి. మనం నిలబడ్డ చోట ఎండ కాస్తున్నా పైన కొండల్లో కురిసిన వాన వాగులోకి దిగుతుంది. నారింజ ఉంటే జలపాతం, వాగు, కాలిదారి మానుకోండి. ఎరుపు ఉంటే ప్రయాణమే మానుకోండి. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వానలకు డిండి దగ్గర శ్రీశైలం రహదారే కోతకు గురైంది. పిడుగులకు దామిని యాప్ పెట్టుకోండి, 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగుల గురించి చెబుతుంది. విపత్తు హెచ్చరికలన్నిటికీ సచేత్ యాప్ ఉంది. రెండూ ఇంటర్నెట్ ఉంటేనే పనిచేస్తాయి కాబట్టి చివరిసారి చూసేది గేటు బయటే.

మూడోది శ్రీశైలం డ్యామ్. గేట్లు ఎత్తే ముందు సైరన్ మోగిస్తారు. నాలుగోది పోలీసు, దేవస్థానం: శివరాత్రి, ఉగాది రోజుల్లో వాహనాల మళ్లింపు, పార్కింగ్, కాలినడక దారి తెరిచే తేదీలు వీళ్లు ప్రకటిస్తారు.

గేటు వేళలు, సఫారీ నెలలు

మన్ననూరు నుంచి దోమలపెంట వరకూ, దోర్నాల నుంచి శ్రీశైలం శిఖరం వరకూ రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా వాహనాలను వదలరు. పండుగ రోజుల్లో ప్రత్యేక ఉత్తర్వులుంటే తప్ప ఇదే లెక్క. ఇది దొంగల భయంతో పెట్టింది కాదు. పగలంతా ఎండకు కాగిన తారు రోడ్డు రాత్రి వెచ్చగా ఉంటుంది, పాములు దాని మీదికి చేరతాయి. కణుతులు (సాంబర్ జింకలు), కుందేళ్లు, చిరుతలు రోడ్డు దాటేది ఆ వేళల్లోనే. హెడ్‌లైట్ వెలుగు కళ్లల్లో పడిన జంతువు పారిపోదు, కదలకుండా నిలబడిపోతుంది. డ్రైవరుకు అది కనిపించేసరికి బ్రేకు వేసే దూరం మిగలదు.

హైదరాబాద్ నుంచి మన్ననూరు మూడు గంటల దారి, సుమారు 140 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఘాట్ దాటి శ్రీశైలం చేరడానికి ఇంకో రెండు గంటలు వేసుకోండి. తొమ్మిదిలోపు గేటు దాటితే చాలుననుకుని ఎనిమిదిన్నరకు చేరేవాళ్లు చీకట్లో ఘాట్ ఎక్కాల్సి వస్తుంది. మధ్యాహ్నం మూడుకల్లా మన్ననూరు చేరేలా పన్నెండింటికి బయలుదేరితే అడవి దారి వెలుతురులోనే పూర్తవుతుంది. గేటు పడ్డాక చేరితే సిబ్బందితో వాదించి లాభం లేదు. వెనక్కి వెళ్లి అచ్చంపేటలోనో దోర్నాలలోనో బస చేయడమే. చెక్‌పోస్టు ముందు కారులో ఇంజిన్, ఏసీ నడుపుతూ అద్దాలు బిగించి నిద్రపోవద్దు, పొగ లోపలికి చేరితే ప్రాణం పోతుంది.

సఫారీలకు జులై 1 నుంచి సెప్టెంబరు 30 వరకూ సెలవు. జాతీయ పులుల సంరక్షణ సంస్థ నియమాల ప్రకారం వానాకాలంలో కోర్ ప్రాంతంలో, అంటే అడవి నడిబొడ్డులో, పర్యాటకం ఉండదు. అది చాలా జంతువులకు జతకట్టే కాలం, మట్టి దారులకు జీపు చక్రం పడితే పాడయ్యే కాలం కూడా. ఈ మూడు నెలల్లో రోడ్డు మీద శ్రీశైలం వెళ్లవచ్చు, రోడ్డు దిగి అడవిలోకి పోకూడదు.

సొంత కారుతో సఫారీ దారిలోకి వెళ్లనివ్వరు. అటవీ శాఖ జీపు, వాళ్ల గైడు ఉండాల్సిందే. అడవి లోపలున్న ఇష్టకామేశ్వరి అమ్మవారి దర్శనం కూడా అటవీ శాఖ అనుమతించిన రోజుల్లో, అనుమతించిన జీపుల్లోనే. సలేశ్వరం గుహాలయాన్ని చైత్ర పౌర్ణమి జాతరకు కొద్ది రోజులే తెరుస్తారు, మిగతా ఏడాదంతా అది కోర్ అడవి. ఎవరో వీడియో పెట్టారని మామూలు రోజుల్లో అటు నడిస్తే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 27వ సెక్షన్ కింద కేసవుతుంది. ప్రవేశ అనుమతి గురించి చెప్పేది 28వ సెక్షన్. తెలిసిన వాచరు (అటవీ శాఖ కాపలాదారు) ఉన్నాడు, తీసుకెళ్తాడు అనే మాటలు నమ్మొద్దు. దొరికితే అతని ఉద్యోగమూ పోతుంది.

బండిలో ఏముండాలి, ఏముండకూడదు

మనిషికి రోజుకు నాలుగు లీటర్ల నీళ్లు, స్టీలు లేదా రాగి సీసాల్లో. అమ్రాబాద్‌లో ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్‌ను నిషేధించారు, శ్రీశైలం క్షేత్రంలోనూ ఆంక్షలున్నాయి. గేటు దగ్గర వాటర్ బాటిళ్లు తీసేసుకుంటే గొడవపడకుండా ఇంటి నుంచే మంచి సీసాలు తెచ్చుకోవడం మేలు. ఉప్పు వాసన పట్టిన చిప్స్ కవరును దుప్పి తింటే అది కడుపులో అరగదు, బయటికీ రాదు. కడుపు నిండినట్టే ఉండి ఆ జీవం తిండి మానేసి చస్తుంది.

ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చి, విజిల్, క్రేప్ బ్యాండేజీ రెండు, సబ్బు, ఛార్జింగ్ బ్యాటరీ, కాగితం మ్యాపు లేదా ముందుగా దించుకున్న ఆఫ్‌లైన్ మ్యాపు. ఓఆర్ఎస్ లేకపోతే లీటరు నీళ్లలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే చిన్న టీ చెంచా. ఉప్పు ఎక్కువైతే మేలు కన్నా కీడు. పెట్రోలు మన్ననూరుకు ముందే, దోర్నాల వైపు అయితే దోర్నాలలోనే నింపుకోండి. ఎలక్ట్రిక్ కారు అయితే ఘాట్ ఎక్కడానికి మామూలుకన్నా ఎక్కువ ఛార్జింగ్ ఖర్చవుతుందని లెక్కవేసుకోండి.

తేకూడనివి: మద్యం, టపాసులు, డ్రోను, స్పీకరు, పెంపుడు కుక్క, గ్యాసు స్టవ్. కుక్కల డిస్టెంపర్ జబ్బు రేసుకుక్కలకు (అడవి కుక్కలకు), పులులకు కూడా అంటుకుంటుంది. ఇంకా ఒకటి చాలామందికి తెలియదు. వన్యప్రాణి చట్టం లెక్కలో ఆయుధమంటే తుపాకీ ఒక్కటే కాదు, కత్తి, గాలం, వల, ఉచ్చు కూడా. చేపలు పడదామని సరదాగా బండిలో వేసుకున్న గాలం మీ మీదికే కేసు తెస్తుంది.

రోడ్డు మీద

బోర్డు మీద రాసిన వేగం దాటొద్దు. బోర్డు కనిపించకపోయినా నలభై దాటకపోవడమే మంచిది. ఒక దుప్పి దాటిందంటే వెనక ఇంకో నాలుగు వస్తాయి, మొదటిది పోగానే గేరు మార్చకండి. ఈగలపెంట దాటాక డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు తప్పుతాయి. ఎక్కడానికి ఏ గేరు కావాలో దిగడానికీ అదే గేరు. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట పక్కకు ఆపి అరగంట చల్లారనివ్వండి, చక్రాల మీద నీళ్లు చల్లొద్దు, వేడి మీద ఉన్న లోహం పగులుతుంది.

కోతులకు అరటిపండ్లు, బిస్కెట్లు విసరడాన్ని పుణ్యం అనుకునేవాళ్లు చాలామంది. ఆ పండు కోసం కోతి అడవి వదిలి రోడ్డుకు చేరుతుంది, పిల్లను పొట్టకు కరుచుకుని బండి కింద పడుతుంది. తిండి పెట్టని మనిషి మీదికి దూకడం కూడా అది అక్కడే నేర్చుకుంటుంది. కోతి కరిచినా, గీరినా గాయాన్ని పారే నీళ్లలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు రేబిస్ టీకా మొదలుపెట్టాలి. పసుపు, కారం పూయకూడదు.

నిప్పు

నల్లమల ఆకురాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి తొలకరి దాకా నేలంతా టేకాకు, ఎండిన బోద గడ్డి పరుచుకుని ఉంటుంది. నల్లమలలో నిప్పు చాలావరకు మనిషి చేతి నుంచే పుడుతుంది: ఆర్పకుండా విసిరిన బీడీ, రోడ్డు పక్కన వండుకుని వదిలేసిన పొయ్యి, తేనె కోసం పెట్టిన పొగ, తునికాకు చిగురు కోసం అంటించిన మంట. అభయారణ్యంలో నిప్పు పెట్టడం, నిప్పును వదిలి వెళ్లడం 30వ సెక్షన్ కింద నేరం.

ఈ నెలల్లో అడవిలో పొయ్యి వెలిగించొద్దు, వండి తెచ్చుకున్న తినుబండారాలతోనే సరిపెట్టుకోండి. కర్పూరం, అగరబత్తి కూడా గుడి ప్రాంగణం దాటి చెట్టు మొదట్లో పెట్టకండి. ఎండిన గడ్డి మీద కారు ఆపకండి, పొగగొట్టం వేడికి గడ్డి అంటుకుంటుంది. సిగరెట్ ముక్కను బూటుతో నలిపితే చాలదు. నీళ్లు పోసి, చల్లారిందని వేలితో తాకి చూసి, జేబులో వేసుకుని పోవాలి.

దేహ్రాదూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాలతో మంటలను గుర్తించి సందేశాలు పంపుతుంది. వాళ్ల వన్ అగ్ని పోర్టల్‌లో ఎవరైనా పేరు నమోదు చేసుకుంటే తాము ఎంచుకున్న ప్రాంతం హెచ్చరికలు ఫోనుకే వస్తాయి. అడవి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు, తరచూ వెళ్లేవాళ్లు నమోదు చేసుకుంటే మంచిది. అయితే ఉపగ్రహం రోజుకు కొన్నిసార్లే పైనుంచి పోతుంది. అందులో ఒక పరికరం 375 మీటర్ల గడిని, ఇంకోటి కిలోమీటరు గడిని ఒకే చుక్కగా చూస్తుంది. చిన్న మంట, అప్పుడే పుట్టిన మంట దానికి అందకపోవచ్చు. అందుకే కంటితో చూసిన మనిషి చేసే ఫోనే ముందు.

ఆ ఫోనులో ఏం చెప్పాలంటే: రోడ్డు పేరు, దగ్గరి కిలోమీటరు రాయి మీద అంకె, రోడ్డుకు కుడివైపా ఎడమవైపా (ఎటు నుంచి ఎటు వెళ్తున్నారో కలిపి చెప్పాలి), మంట నేల మీద పాకుతోందా చెట్టెక్కిందా, గాలి ఎటు వీస్తోంది. సిగ్నల్ లేకపోతే ఆగి వెతుక్కోకుండా తర్వాతి చెక్‌పోస్టుకో గూడేనికో వెళ్లి చెప్పండి. కొమ్మలతో కొట్టి ఆర్పడానికి మాత్రం దిగకండి. ఆ పని ఫైర్ వాచర్లది, వాళ్లు ఫైర్ లైన్ (మంట దాటకుండా ఆకు, గడ్డి తీసేసిన పట్టీ) తీసి దాని వెనక నిలబడి పనిచేస్తారు.

మంటల మధ్య చిక్కుకుంటే కొండ ఎక్కకండి. మంట పైకి పోయేటప్పుడు దాని వేడి ముందున్న గడ్డిని ముందే ఎండబెట్టి అంటిస్తుంది, ఎక్కుతున్న మనిషికన్నా వేగంగా వస్తుంది. గాలికి అడ్డంగా, వీలైతే కిందికి కదలండి. బండ, రోడ్డు, ఇసుక వాగు, అప్పటికే కాలి నల్లబడ్డ నేల సురక్షితం. కారులో ఉంటే అద్దాలు, ఏసీ గాలి దారులు మూసి, లైట్లు వేసి, చెట్లు లేని చోటికి చేరాలి. పొగలో వేగంగా పోతే ఎదుటి బండిని గుద్దుతారు.

నీళ్లు, పిడుగు

మల్లెల తీర్థం జలపాతానికి సుమారు 350 మెట్లు దిగాలి, దిగినవాళ్లంతా ఎక్కాలి కూడా. మోకాళ్ల నొప్పులు, గుండె జబ్బు ఉన్న పెద్దవాళ్లు పైనే ఉండటం మంచిది. కింద నీళ్లు ఉన్నట్టుండి మట్టి రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొచ్చినా, జోరు శబ్దం పెరిగినా, చెప్పులు కూడా వెతుక్కోకుండా అడ్డంగా ఒడ్డు ఎక్కండి. నీళ్ల వెంబడి కిందికి పరుగెత్తకండి, వరద కూడా అటే వస్తుంది. పాచి పట్టిన బండ మీద బూటు పట్టు ఉండదు, ఫొటో కోసం అంచుకు పోయేవాళ్లు జారేది అక్కడే.

పారే నీళ్లు రోడ్డు దాటుతుంటే మోకాలి లోతు కూడా మనిషిని పడేస్తుంది, అడుగు లోతు చాలు చిన్న కారును తోయడానికి. రోడ్డు అంచు కనిపించకపోతే ఆగండి, నీళ్లు తగ్గేదాకా వేచి ఉండండి.

డ్యామ్ దగ్గర సైరన్ వినిపిస్తే నది గర్భంలో, రాళ్ల మీద ఉన్నవాళ్లు వెంటనే పైకి రావాలి. గేట్లు ఎత్తిన రోజుల్లో చూడటానికి వచ్చేవాళ్ల కార్లతో ఘాట్ రోడ్డు కిక్కిరిసిపోతుంది. మలుపులో బండి ఆపి దిగేవాళ్ల వల్లే ట్రాఫిక్ ఆగుతుంది, అంబులెన్సు కూడా అందులోనే చిక్కుకుంటుంది. పార్కింగ్ ఉన్న చోటే ఆపండి.

మెరుపు కనబడిన తర్వాత ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టి మూడుతో భాగిస్తే పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో పడిందో తెలుస్తుంది. 30 సెకన్లలోపే వినబడితే అద్దాలు మూసిన కారులోకో పక్కా భవనంలోకో పోవాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు బయటికి రావొద్దు. ఒంటరి చెట్టు కింద, వ్యూపాయింట్ అంచున నిలబడటం అన్నిటికన్నా ప్రమాదం.

జంతువు ఎదురైతే

అడవికి తన హెచ్చరిక తనకుంది, అది ఫోన్ కన్నా ముందే చెబుతుంది. దుప్పి పదునుగా అరిచినా, కణితి బిగ్గరగా ఒక్కొక్క కేక పెట్టినా, చెట్టు మీది కొండముచ్చు ఒకే దిక్కుకు చూస్తూ అదేపనిగా అరిచినా దగ్గర్లో పులో చిరుతో ఉన్నట్టు. ఈ గొంతులు చెంచులకు చిన్నప్పటి నుంచీ తెలుసు, వాచర్లలో చెంచులు ఎక్కువగా ఉండటం అడవికీ మనకూ మేలు. గైడు చెయ్యి అడ్డం పెడితే ఎందుకని అడక్కుండా ఆగండి.

నల్లమలలో నడిచేవాళ్లు ముఖ్యంగా జాగ్రత్తపడాల్సింది ఎలుగుబంటి విషయంలో. దానికి చూపు మందం, పుట్ట తవ్వుతున్నప్పుడు చుట్టూ ఏముందో పట్టించుకోదు. మనిషి హఠాత్తుగా దగ్గరికొస్తే పారిపోవడానికి బదులు మీద పడుతుంది. వేసవిలో ఇప్పపూలు, తునికి పండ్లు రాలిన చెట్ల కింద, తెల్లవారుజామున, మసక చీకట్లో అది ఉంటుంది. పిల్లలను వీపు మీద ఎక్కించుకున్న తల్లి అయితే ఇంకా ప్రమాదం. కాలిదారిలో మామూలు గొంతుతో మాట్లాడుకుంటూ, మలుపుల దగ్గర చప్పట్లు కొడుతూ నడవండి. అది మనల్ని ముందుగా వింటే తనే తప్పుకుంటుంది. దూరంగా కనబడితే వెనక్కి మెల్లగా అడుగులు వేయండి, పరుగు వద్దు, చెట్టెక్కొద్దు, అది చెట్టెక్కగలదు. మీదికే వస్తే బోర్లా పడుకుని, వేళ్లు మెడ వెనక పెనవేసి, ముఖం నేలకు ఆనించి ఉండండి. సంచి వీపు మీదే ఉంచుకోండి. అది ముందుగా చీల్చేది ముఖాన్ని, తలను.

పులి, చిరుత విషయంలో పద్ధతి వేరు. వంగకండి, కూర్చోకండి, పరుగెత్తకండి. వంగిన మనిషి వాటికి జంతువులా కనిపిస్తాడు. నిటారుగా నిలబడి, కళ్లు దాని వైపే ఉంచి, పిల్లలను ఎత్తుకుని, వెనక్కి తగ్గండి. చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా మూత్రానికి పంపకండి. సఫారీ జీపులో నిలబడటం, దిగడం, ఫ్లాష్ వేయడం కుదరదు.

కొండ తేనెటీగలు బండల అంచులకు, ఎత్తైన చెట్లకు పెద్ద తుట్టెలు పెడతాయి. రాయి విసరడం, పొగ, ఘాటైన అత్తరు, డ్రోను శబ్దం వాటిని రేపుతాయి. అవి లేస్తే చేతులు ఊపకుండా ముఖం కప్పుకుని వీలైనంత దూరం పరుగెత్తి కారులోకో గదిలోకో దూరాలి. నీళ్లలో మునగొద్దు, తల పైకెత్తేదాకా అవి అక్కడే తిరుగుతాయి. ముల్లు దిగిపోయి ఉంటే వెంటనే గోటితో గీకి తీసేయండి, ఎంత ఆలస్యమైతే అంత విషం ఎక్కుతుంది. ముఖం వాచినా, ఊపిరి ఆడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు వచ్చినా క్షణం ఆగకుండా ఆసుపత్రికి.

పాము కాటుకు చేయకూడనివి ముందు. కట్టు బిగించొద్దు, కోయొద్దు, నోటితో పీల్చొద్దు, పాము కోసం వెతకొద్దు, నాటు వైద్యుడి దగ్గరికి పోవొద్దు. ఉంగరాలు, గాజులు, పట్టీలు తీసేసి, కరిచిన కాలు లేదా చెయ్యి కదలకుండా కర్ర ఆసరాతో కట్టి, మనిషిని పడుకోబెట్టే తీసుకుపోవాలి. నడిపిస్తే విషం వేగంగా పాకుతుంది. కాటు పడిన గంట, నిమిషం రాసుకోండి. నాగుపాము, రక్తపింజర, చిన్న పింజర కాటుకు నొప్పి, వాపు తెలుస్తాయి. కట్లపాము అలా కాదు. రాత్రి నేల మీద పడుకున్నవాళ్లను కరుస్తుంది, గాటు కనబడకపోవచ్చు. తెల్లవారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలడం, మాట తడబడటం మొదలైతే అది కాటే అనుకోవాలి. ఈ నాలుగు పాములకూ విరుగుడు మందు (యాంటీవెనమ్) ఒకటే, మొదటి మోతాదే ఎనిమిది నుంచి పది వయల్స్, పిల్లలకైనా అంతే. 108కి చేసేటప్పుడే ఆ మందు ఏ ఆసుపత్రిలో ఉందో అడగండి. అచ్చంపేట, ఆత్మకూరు, మార్కాపురం ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఏది దగ్గరో బయలుదేరేముందే చూసుకోండి. సిగ్నల్ బలహీనంగా ఉన్నప్పుడు 112 ప్రయత్నించండి, మీ కంపెనీ టవరు లేకపోయినా దొరికిన టవరు మీద కలిసే అవకాశం ఉంటుంది.

కాలినడకన వెళ్లే భక్తులకు

శివరాత్రికి, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి, పెచ్చెర్వు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా వేలమంది నడుస్తారు. ఉగాదికి కర్ణాటక నుంచి వచ్చేవాళ్లే ఎక్కువ. ఈ దారి అనుమతి ఇచ్చిన తేదీల్లోనే తెరిచి ఉంటుంది. తెల్లవారాక బయలుదేరి సాయంత్రం ఐదుకల్లా మజిలీ చేరేలా నడవాలి. భీముని కొలను దగ్గర దిగుడు, వెంటనే మెట్ల ఎక్కుడు ఉంటాయి, మధ్యాహ్నం ఎండలో ఆ చోట నడకలో ఉండకుండా చూసుకోండి. చెమట ఆగిపోయి, ఒళ్లు కాలిపోతూ, మాట పొంతన తప్పితే వడదెబ్బ. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, మెడ, చంకలు, తొడలకు తడిగుడ్డలు వేసి విసరండి. స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి. గుంపు నుంచి విడిపోతే ఉన్న చోటే ఉండి మూడేసి సార్లు విజిల్ వేయండి. దగ్గరి దారి అని అడ్డంగా కొండ దిగేవాళ్లే ఎక్కువగా తప్పిపోతారు.

దారిలో చెంచు పెంటలు (చెంచుల గూడేలు) వస్తాయి. అవి చూసే చోట్లు కావు, ఇళ్లు. అడక్కుండా ఫొటోలు తీయకండి, పిల్లలకు మిఠాయిలు, డబ్బులు పంచకండి. తేనె కావాలంటే గిరిజన సహకార సంస్థ దుకాణంలో కొనండి.

ఇంటికి వచ్చాక

అదే రోజు వేడినీళ్లతో స్నానం చేసి, బట్టలు వేడినీళ్లలో ఉతికి, మోకాలి వెనక, చంకల్లో, గజ్జల్లో, చెవుల వెనక పిడుదులు పట్టాయేమో చూసుకోండి. ఉంటే చర్మానికి దగ్గరగా పట్టకారుతో పట్టి నిలువుగా లాగండి, నూనె పోయడం, కాల్చడం వద్దు. గడ్డిలో ఉండే కంటికి కనిపించని చిగ్గర్ పురుగుల వల్ల స్క్రబ్ టైఫస్ వస్తుంది. కాటు పడిన ఆరు రోజుల నుంచి మూడు వారాల్లోపు జ్వరం, తలనొప్పి మొదలవుతాయి, కొందరికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి చెక్కు కడుతుంది, అది నొప్పి పుట్టదు కాబట్టి బట్టల కింద ఉండిపోతుంది. మలేరియా కూడా ఆ గడువులోనే బయటపడవచ్చు. మూడు వారాల్లోపు జ్వరం వస్తే పారాసిటమాల్‌తో రోజులు గడపకుండా డాక్టరు దగ్గరికి వెళ్లి, ఫలానా తేదీన నల్లమలలో తిరిగామని అడగకముందే చెప్పండి.